పెంట దొంగ

తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లె, 1962. మాలకొండయ్య ఇంటి వాకిట్లో అతని భార్య మస్తానమ్మ, పక్క చేని కామాక్షయ్య.

“లోపలికి రా కామాక్షన్నా. గడప దాటినంత మాత్రాన మా ఇంటి కంపు నీకు అంటుకోదులే.”

“ఇక్కడే బాగుంది చెల్లా.”

“మంచినీళ్ళన్నా తాగు.”

“వద్దు. తాగే వచ్చినా.”

“మరి ఏంది వచ్చిన పని? దొంగ ఇంట్లో లేడు. శ్రీహరికోటలో సరుగుడు కట్టెలు కొట్టుకుంటా ఉండాడని ఎవరో అన్నారు.”

“ఆ మాట అనబాక.”

“ఏ మాట? దొంగనా? నువ్వు పెట్టిన పేరే గదా! నీ చేలో తోలిన పెంట ఎరువు మా ఆయన ఎత్తుకుపోయినాడని, పెద్దమనుషుల ముందు ఆ పెంట గంపే నెత్తిన పెట్టించి వీధులన్నీ తిప్పించినావు. పోయినేడు నోరు బాగానే లేచింది. ఇప్పుడు నేల చూస్తావేంది?”

“చెల్లా... ఈ ఏడు కూడా పెంట పోయింది.”

“ఏందీ?”

“బండ్లకు బండ్లు తోలించినా. కావలి పెట్టినా. నాలుగు వానలు పడేసరికి చేలో సారం లేదు. పైరు ఎర్రబడిపోయింది.”

“దొంగ ఊళ్ళోనే లేడే!”

“లేడు.”

“మరి ఈసారి ఎవరి నెత్తిన పెట్టిస్తావు గంప? నా నెత్తినా?”

“నవ్వబాక. సేద్యం సలహాలు చెప్పే గ్రామసేవక్ పరంజ్యోతిగారిని పిలిపించినా. ఆయన రెండు లాంతరు చిమ్నీలు తెమ్మని, అడుగున గుడ్డ కట్టి, ఒకదాంట్లో నా చేని ఇసక పోసినారు. రెండోదాంట్లో...”

“ఊఁ?”

“మీ చేని బంకమట్టి. పైన పెంట నానేసిన నల్లనీళ్ళు. నా ఇసకలోంచి కాఫీ డికాషన్ మాదిరి నల్లగానే దిగినాయి.”

“మా దాంట్లోంచి?”

“చాలాసేపు దిగనే లేదు. దిగినాక చూస్తే... తేటగా.”

“మరి నలుపేమైంది?”

“బంకమట్టి పట్టుకునింది. దాని రేణువులు పెంట సారాన్ని అంటిపెట్టుకుంటాయంట. ఇసకకు ఆ పట్టు లేదు. నా చేను మెరక, మీది పల్లం. వాన పడినప్పుడల్లా నా సారం మీ చేలోకి దిగి అక్కడ ఆగిపోయింది.”

“అంటే నీ పెంట మా చేలోకి వచ్చిన మాట నిజమే.”

“నిజమే. వాన తెచ్చింది. బావ తేలేదు.”

“అందుకనా... మేం ఒక్క బండి తోలితే పైరు అంత నల్లగా లేచింది!”

“అది చూసే గదా నేను నోరు పారేసుకున్నది! చెల్లా, రేపు శ్రీహరికోటకు పోతా. ఆ గంప నేనే నెత్తికెత్తుకుని, బావ చూస్తా ఉండగా ఊరంతా తిరుగుతా. నేను పిలిస్తే రాడేమోనని భయం. నువ్వొక్క మాట చెప్పి పంపు. నీ మాటైతే వింటాడు.”

“వింటాడు.”

“చెప్పు మరి.”

“నా మాట వినే గదన్నా పోయింది.”

“నువ్వేమన్నావు? ఊరంతా నా వెనక నిలబడితే, నువ్వొక్కదానివే గదా ఆయన పక్కన...”

“ఆ పైరు నేనూ చూసినా గదా. ఒక్క బండికి ఇంత పైరేందని నేనూ...”

“చెల్లా!”

“గంప దించి ఇంటికొచ్చినాడు. నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేయబోయినాడు. వెనక్కి జరిగినా. ముందు చెయ్యి కడుక్కోని రాపో అన్నా. కడుక్కునేదానికి దొడ్లోకి పోయినాడన్నా... ఇంతవరకూ రాలేదు.”