పాత కార్డుకి దిక్కెవరు

అక్క గీసిన కుందేలు బొమ్మల సినిమా సాయంత్రానికల్లా స్టూడియోకి చేరాలి. ఆమె కంప్యూటరు తెర మాత్రం పొద్దుటి నుంచీ బొగ్గులా ఉంది. ఆవిడ ఫోనులో తమ్ముడి మీద విరుచుకుపడింది.

“నా కంప్యూటర్లో నువ్వెక్కించిన లినక్సుతో నా లింకులన్నీ తెగాయిరా! ఇవాళ పంపకపోతే ఈ పని ఇంకొకరికిచ్చేస్తారు.”

“నిన్న ఏం చేశావక్కా?”

“తెరకి బొమ్మలు పంపే గ్రాఫిక్స్ కార్డుని నడిపే ప్రోగ్రాం, అదే డ్రైవరు, కొత్తదొచ్చిందంటే వేశాను. కొత్తదంటే మంచిదేగా?”

“నీ కార్డుకి పదేళ్లు. కొత్త డ్రైవరు పాత కార్డుల్ని వదిలేసింది.”

“అంటే కంపెనీ నన్నూ వదిలేసినట్టే!”

“కంపెనీ వదిలినా జనం వదల్లేదు. పాత కార్డులున్నవాళ్లే పాత డ్రైవర్ని బాగుచేసుకుంటూ నడుపుతున్నారు. చెప్పింది టైపు చెయ్యి.”

“నల్లతెర మీద ఏం రాయను, నా తలరాతా?”

“కంట్రోల్, ఆల్ట్, ఎఫ్-త్రీ కలిపి నొక్కు.”

“అక్షరాలొచ్చాయిరోయ్!”

అతను చెప్పాడు, ఆవిడ కొట్టింది. తప్పులు కొట్టి తిట్టింది, తిట్టి మళ్లీ కొట్టింది. కొత్త డ్రైవరు పోయి పాతది ఎక్కింది. కంప్యూటరు ఆగి, మళ్లీ లేచింది.

“కుందేలొచ్చింది! పరిగెడుతోందిరా!”

“ఇక పంపించెయ్.”

“పంపుతున్నా. ఆ డ్రైవరు వాళ్లకి ఎక్కడ రాయాలో చెప్పు.”

“థాంక్స్ చెప్పడానికా?”

“అదీ చెప్తా. నా కార్డు మీద కూడా పనిచేసిందని రాస్తా. ఇక్కడ ఇంకొకతె ఉందని వాళ్లకీ తెలియాలిగా!”