మూడో బేస్ ముందు తడి

ఎవరు, ఈయనా? ఫొటోలో ఈ చివర, చేతిలో నీళ్ల పైపు చుట్ట పట్టుకుని పక్కకి చూస్తున్నాడు, ఈయన్నేగా నువ్వడిగేది? ఆటగాడు కాదమ్మా. ఆటగాళ్లం ఇదిగో, మేం పదిహేను మందిమి ఛాతీలు విరుచుకుని నించున్నాం చూడు. ఈ మీసాలవాణ్ణి నేను. నవ్వకు, అప్పట్లో ఆ మీసాలకి ప్యూర్టో ప్లాటాలో విలువుండేది, మీ అమ్మమ్మనడుగు. కాదులే, అడక్కు, ఇంకోటేదో చెబుతుంది. ఈయన పేరు క్రిసోస్తొమో. మైదానం చూసుకునేవాడు. ఫొటో తీసేవాడు "నువ్వు తప్పుకోవయ్యా, టీము వరకే" అన్నాడు కూడాను. తప్పుకున్నాడు గానీ పూర్తిగా తప్పుకోలేదు, అందుకే సగం పడ్డాడు. ఆ సగం మనిషే ఈ ఇంట్లో అందరికీ అన్నం పెట్టాడు. వట్టి మాట కాదు. కూర్చో చెబుతా. ఆ కుర్చీ కాదు, దానికి కాలు ఊగుతుంది.

మీకు ఆరు రేవుల బేస్‌బాల్ లీగంటే ఏం తెలుసు? ఆరు ఊళ్లు, ఆరు జెండాలు, మధ్యలో సముద్రం ఒక్కటే. మేం, ప్యూర్టో ప్లాటా వాళ్లం, పీతలం. మాయాగ్వెస్ వాళ్లు మామిడికాయలు. అదేం పేరురా అని మేం వెక్కిరిస్తే "కొరికాక తెలుస్తుంది పులుపు" అనేవాళ్లు, నిజంగానే ప్రతి ఏడూ మా పళ్లు పులిసేవి. విల్లెమ్‌స్టాడ్ ఉడుములు, కుమనా గూడబాతులు, కోలోన్ మొసళ్లు, కార్టహేనా కంచరగాడిదలు. వాళ్లకి ఆ పేరు ఎవరూ పెట్టలేదు, వాళ్లే పెట్టుకున్నారు, అంత పొగరు. సరుకు పడవల్లో తిరిగేవాళ్లం, అరటిగెలల పక్కనే పడక. కుమనా వాళ్లు తిట్టినా పాట పాడినట్టుండేది, ఉడుముల భాష ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అంపైర్ని తిట్టేటప్పుడు మాత్రం ఆరూళ్ల వాళ్లదీ ఒకటే భాష. ఇక మైదానాలంటావా, ఎవరి నేల వాళ్లు తమకి కలిసొచ్చేట్టు చేసుకునేవాళ్లు. అది తప్పు కాదు మాలో. కంచరగాడిదలు వాళ్ల గడ్డి కొయ్యరు, మోకాలెత్తు పెంచుతారు. మొసళ్ల ఊళ్లో ఎప్పుడూ బురదే, అడిగితే "వాన పడిందండీ" అంటారు, ఎండ నెత్తిన మాడుతుంటే. మాది గట్టి నేల. మా మేనేజరు బల్దొమేరో, క్యూబా మనిషి, గొంతు రేవు దాకా వినపడేది, ఆయన హుకుం అది. "మనవాళ్లు బంతిని నేలకేసి కొడతారు, నేల గట్టిగా ఉంటే దూసుకుపోతుంది, చుక్క నీళ్లు పోశావో నీకిక్కడ పని లేదు" అని క్రిసోస్తొమోకి అందరి ముందూ చెప్పాడు. ఈయన తలూపాడు. ఈయన దేనికైనా తలూపేవాడే, అదీ చిక్కు.

నాకప్పుడు ముప్పై నాలుగు. మూడో బేస్ కాపలా నాది. మూడో బేస్ అంటే సరదా కాదమ్మా, బ్యాటు చప్పుడూ బంతి నీ కాళ్ల దగ్గర పడటమూ ఒక్కసారే, ఊపిరి పీల్చే వ్యవధి ఉండదు. దానికి మోకాళ్లు కావాలి. నా మోకాళ్లేమో పొద్దున లేస్తే చెక్క తలుపుల్లా కిర్రుమనేవి. ఎవరికీ చెప్పలేదు, నీ అమ్మమ్మ ఎర్సిలియాకి తప్ప. చెబితే తీసేస్తారు. తీసేస్తే ఏం చేస్తాను? మా నాన్న చెరుకు నరికాడు, మా తాత చెరుకు నరికాడు, నాకు తెలిసిన రెండో పని అదొక్కటే. వంగలేని మోకాళ్లతో చెరుకేం నరుకుతారు? ఇంట్లో నలుగురు పిల్లలు, మీ అమ్మ అప్పటికి చంకలో. అదీ నా బతుకు, మోకాలి చిప్ప మీద నిలబడి ఉంది.

కానీ విచిత్రం చూడు. బయట ఊళ్లలో బంతి నన్ను దాటుకుని దయ్యంలా పోయేది, మా ఊళ్లో మాత్రం లేగదూడలా నా దగ్గరికి నడిచొచ్చేది. మూడేళ్లు అలా. నేనేమనుకున్నాను? పడవ పడదు నాకు, సముద్రం మీద కడుపు తిప్పి ఒళ్లు తూలిపోతుంది, అందుకే బయట ఆడలేకపోతున్నాను అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడంటారే, నాకు సముద్రమే ఓడు. ఊళ్లో ఆట మాత్రం నా గొప్పే. రమ్ము కొట్లో కూర్చుని "సొంత ఊరి నేల మీద కాలు పెడితే చాలు, ఇరవై ఏళ్లవాణ్ణయిపోతాను" అని కోసేవాణ్ణి. క్రిసోస్తొమో ఓ మూల కూర్చుని వినేవాడు, కిక్కురుమనేవాడు కాదు. నాకు ఆయన మీద ఒక్కటే కోపం. నేను నిలబడే చోటికి ముందు ఓ ఐదడుగుల మేర ఎప్పుడూ తడి, బూట్లకి బురద. "ఏవయ్యా ముసలాడా, ఇంత మైదానంలో నీ నీళ్లకి నా బూట్లే దొరికాయా?" అని అరిచేవాణ్ణి. "పైపుకి చిల్లి పడింది, అక్కడ కారుతోంది, ఏం చెయ్యను?" అనేవాడు. మూడేళ్లు కారింది ఆ పైపు, ఆ ఒక్కచోటే. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. ఇంత బుర్ర ఉండీ నాకు తట్టలేదంటే, కళ్లు నెత్తికెక్కితే కాళ్ల ముందున్నది కనపడదమ్మా.

ఆ ఏడు ఫైనలు మా ఊళ్లోనే పడింది, కంచరగాడిదలతో. బల్దొమేరో నన్ను పిలిచి దాపరికం లేకుండా చెప్పేశాడు. "మాయాగ్వెస్‌లో ఓ కుర్రాణ్ణి చూసొచ్చాను, పిల్లిలా దూకుతున్నాడు. నువ్వంటే ఇష్టమే గానీ, రేపు రెండు బంతులు వదిలావో వచ్చే ఏడు పడవెక్కవు." ఒకటి వదిలితే సర్దుకుంటాడన్నమాట. నాకు భయం లేదు, సొంత ఊరేగా. కాకపోతే ఆ ఏడు ఫైనలుకి మాత్రం లీగు పెద్దలు కొత్త రూలు పెట్టారు, నేలలతో ఈ ఆటలు మితిమీరాయని. విల్లెమ్‌స్టాడ్ నుంచి ఓ దొర దిగి, ముందు రోజే నీళ్ల కొళాయికి తాళం వేసి, తాళంచెవి మెళ్లో కట్టుకున్నాడు. స్నానానికి కూడా తియ్యలేదుట.

పొద్దున నేను ఉప్పుచేపా అరటికాయ ముద్దా తిని, బూట్లు కట్టుకుంటున్నాను. క్రిసోస్తొమో వచ్చి నా ఎదురుగా చతికిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. "ఒరే అన్సెల్మో, ఇవాళ రెండడుగులు వెనక నిలబడరా" అన్నాడు. నాకు చర్రున లేచింది. "పదకొండేళ్లుగా ఆడుతున్నాను. చీపురు పట్టేవాడివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాను. అవును, అలాగే అన్నాను, దాచడమెందుకు. ఆయన లేవలేదు. "ఇవాళ పైపు కారదురా" అన్నాడు. "మంచిదేగా, బూట్లు బాగుపడతాయి" అన్నాను. అప్పుడు నా మొహంలోకి చూశాడు, మొదటిసారి అనుకుంటా. "ఆ పైపుకి చిల్లెప్పుడూ లేదు. మూడేళ్లుగా పొద్దున్నే నేనే పోస్తున్నాను. తడి మీద పడితే బంతి జోరు తగ్గుతుంది, నీ మోకాళ్లకి అందుతుంది. ఇవాళ నావల్ల కాలేదు, తాళం వేశారు" అన్నాడు. క్షమించమన్నట్టుగా అన్నాడమ్మా. తప్పు చేసినవాడిలా. నాకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ల నా గొప్పంతా ఓ ముసలాడి పైపులో నీళ్లా? కృతజ్ఞత అనుకుంటున్నావా అప్పుడు నాకు కలిగింది? కాదు, వాణ్ణి అక్కడే పాతేద్దామన్నంత మంట. లేచి వెళ్లిపోయాను.

ఆ మంటలోనే ఏం చేశానో తెలుసా? రెండడుగులు వెనక్కి కాదు, పంతానికి ఒకడుగు ముందుకి నిలబడ్డాను. కార్టహేనా వాళ్లలో వెన్సెస్లావో అని ఒకడుండేవాడు, చేతులు తెడ్లలా ఉండేవి. రెండో ఇన్నింగ్స్‌లో వాడు కొట్టిన బంతి నా వైపొచ్చింది. వచ్చిందనే అనుకోవాలి, నేను చూడలేదు. కాళ్ల మధ్యనుంచి పోయింది, నేను వంగేసరికి అది సగం దారిలో ఉంది. వాళ్ల మనిషొకడు చుట్టు తిరిగి హోం బేస్‌కొచ్చేశాడు, వాళ్లకో పరుగు. జనం ఊ అన్నారు, బల్దొమేరో నావైపు ఒక వేలెత్తి చూపించాడు. తర్వాత ఆరేడు ఇన్నింగ్సులు నావైపు ఒక్కటీ రాలేదు, దేవుడి దయ. మేం పుంజుకుని ఒక్క పరుగు ముందున్నాం. ఆఖరి ఇన్నింగ్స్, ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే అయిపోతుంది. వాళ్ల మనుషులు రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. బ్యాటు పట్టుకుని ఎవడొచ్చాడనుకున్నావు? వాడే. బంతి నన్ను దాటితే ఇద్దరూ వచ్చేస్తారు, ఆటా పోతుంది, నేనూ పోతాను. పక్కకి చూశాను. తాడవతల క్రిసోస్తొమో నేల చదును చేసే దంతె పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు. సైగ చెయ్యలేదు, ఏం లేదు, తానే ఓ రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

వేశాను. వేశానమ్మా, సిగ్గు చంపుకుని వేశాను. బంతి వచ్చి ఇదిగో ఇక్కడ, ఎదురురొమ్మున తగిలింది, పది రోజులు నల్లగా ఉంది. కాళ్ల దగ్గర పడింది. వంగడం చేతకాలేదు, మోకాళ్ల మీద కూలబడి, కూలబడే తీసి మొదటి బేస్‌కి విసిరాను, వాడక్కడికి చేరేలోపు బంతి చేరాలి. వాడు కంచరగాడిదే గదా, పరిగెత్తుతాడు. వెంట్రుకవాసిలో ఔట్. జనం తాళ్లు దాటి వచ్చేశారు, నన్ను ఎత్తుకున్నారు. బల్దొమేరో నా మెడ పట్టుకుని ఊపేసి "ఎక్కరా పడవ, ఎక్కు" అన్నాడు.

ఆ సిగ్గుకి నేను ఆట మానేశాననుకుంటున్నావా? పిచ్చిదానా, నలుగురు పిల్లలు. తర్వాత ఇంకో రెండేళ్లు ఆడాను, ఆ తడి మీదే. కాకపోతే రోజూ పొద్దున్నే వెళ్లి పైపు నేనే మోసేవాణ్ణి, ఆయన నీళ్లు పోసేవాడు. ఎంత పొయ్యాలి, ఎప్పుడు ఆపాలి, ఎండ ఎటు తిరిగితే ఎంతసేపట్లో పీలుస్తుంది, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఆట అయిపోయాక అదే నా పనైంది, ముప్పై ఏళ్లు, మీ అమ్మ టీచరయింది దాంతోనే. చెరుకు కత్తి పట్టలేదు నేను. బల్దొమేరోకి తెలిసుంటే క్రిసోస్తొమో పని ఊడేది, మా వాళ్లు కొట్టే బంతులకీ ఆ తడే అడ్డమయ్యేది మరి. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఆ పని తప్ప ఏం లేదు ఆయనకి. దాన్ని పణంగా పెట్టి, తనని ముసలాడా అని అరిచేవాడికి మూడేళ్లు నీళ్లు పోశాడు.

ఆఖర్న మంచంలో ఉన్నప్పుడు వెళ్లాను, మధ్యాహ్నం పూట. అన్నా, నీ వల్ల బతికాను అన్నాను. ఈ మాట అనడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది, చూడు. ఆ మూడేళ్ల ఆట నాది కాదన్నా, నీదే అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. అప్పుడే మొదటిసారి చూశాను ఆయన కోపం. లేవబోయాడు, లేవలేకపోయాడు. "ఏం మాటరా అది? నీళ్లు నేను పోశాను గానీ బంతి నేను పట్టానా? ఆ మోకాళ్లతో వంగింది ఎవడు? నొప్పి ఎవడిది?" అన్నాడు. "నీ ఆట నీదేరా అన్సెల్మో" అన్నాడు.

... ... నీ అమ్మమ్మ పిలుస్తున్నట్టుంది. వెళ్లు, ఏం కావాలో చూడు. నేనొస్తా, కాసేపాగి వస్తా.