పదహారు మిల్లీమీటర్లు

ఆసుపత్రి పరీక్షల గదిలో ముసలి దర్జీ చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. ఎదురుగా స్కేలు పట్టుకుని నర్సు.

“కదలకండి బాబాయ్ గారూ. మీరు కదిలితే కొలత కదులుతుంది.”

“కొలత నేను ఇంట్లోనే తీశానమ్మా. ముప్ఫై రెండు.”

“ముప్ఫై రెండా! దేంతో?”

“టేపుతోనే. రెండు లూజు కింద వదిలాననుకో.”

“అయ్యో రామ! వాపుకి లూజేమిటండీ?”

“చేతి అలవాటు. పొద్దున్న చూస్తే ఇంత మేర ఎర్రగా ఉంది. రేపు మనవరాలు ఇంటికొస్తోంది కదా. నెలలు నిండని పిల్ల. క్షయ పరీక్ష తేలందే ఎవరూ ఎత్తుకోవద్దని పెద్ద డాక్టరు గారు...”

“తెలుసు, ఆ చీటీ రాసింది నేనే. ఎరుపు మాకు లెక్క కాదు. గట్టిపడ్డది మాత్రమే కొలుస్తాం. ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడికి. గీత పెడతాను ఉండండి.”

“జేబులో సుద్ద ఉంది, ఇవ్వనా?”

“వద్దు! ఊఁ... పదహారు.”

“సగానికి సగం తగ్గింది. అమ్మయ్య. పాసే కదా?”

“పది దాటితే ఫెయిలే.”

“మళ్ళీ ఒక్కసారి కొలువమ్మా.”

“మీరు కుట్టిన ఈ యూనిఫాం చంకలో పట్టేస్తోందంటే నన్ను మళ్ళీ కొలిచారా? కొలత తప్పలేదు, నువ్వే ఒళ్ళు చేశావన్నారు.”

“అది నిజమే కదమ్మా.”

“ఇదీ నిజమే. పదహారు.”

“అసలు మొన్న సూదితో నువ్వు ఎక్కించిందేమిటి? క్షయ క్రిమినే ఎక్కించావా ఏం?”

“క్రిమి కాదు, దాని ప్రోటీన్ రవ్వంత. ప్రాణం లేదు, హాని లేదు. వాడి చొక్కాలోంచి ఓ గుడ్డపీలిక అనుకోండి.”

“ఊఁ, గుడ్డ అంటే తెలుస్తుంది.”

“మీ రక్తంలో కాపలావాళ్ళుంటారు. ఆ క్రిమిని ఎన్నడూ చూడకపోతే పీలికను పట్టించుకోరు. ఒక్కసారి చూశారా, ఎన్నేళ్ళైనా గుర్తుంటుంది. ‘వాడే వచ్చాడ్రోయ్’ అని మూగుతారు. ఆ మూగినదే ఈ గట్టి.”

“నేత చూసి మిల్లు చెప్పినట్టన్నమాట. అంత చురుకైనవాళ్ళు వాణ్ణి అప్పుడే చంపెయ్యలేకపోయారా?”

“వాడి దగ్గర వేరే ప్రోటీన్లున్నాయిగా. కాపలావాడు మింగితే, వాటి సాయంతో అరగకుండా ఆ కడుపులోనే కాపురం పెట్టేస్తాడు.”

“హమ్మ దొంగా!”

“సరే, ఈ గడి నింపాలి. ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా?”

“లేదు.”

“ఆలోచించండి.”

“ఆలోచించే చెప్పాను. చిన్నప్పటి టీకా అయ్యుంటుంది.”

“టీకాకి ఇన్నేళ్ళ తర్వాత ఇంత గట్టి రావడం అరుదు.”

“అయితే దుకాణంలో. ఎంతమంది మీద టేపు వేశానో.”

“కొలతకి ఎంతసేపండీ? నెలల తరబడి ఒకే గదిలో గాలి పీలిస్తే ఎక్కువగా అంటుతుంది. పోనీ, పిన్నిగారికి...”

“పోయి నాలుగేళ్ళయింది. ఆవిణ్ణెందుకు లాగుతావు?”

“గడి నిండకపోతే కాగితం కదలదు. కాగితం కదలకపోతే పాప...”

“పాప మాటెత్తకు!”

“మరి చెప్పండి.”

“ఆవిడ నాకు చెప్పనే లేదమ్మా. చెప్పనిదాన్ని నేనెలా చెప్పను?”

“చెప్పకపోతే మీకెలా తెలుసు?”

“ముప్ఫై ఐదేళ్ళ కిందటి మాట. మాత్రలు దాచింది. ఎక్కడా? దర్జీ ఇంట్లో గుండీల డబ్బాలో! చూడు తెలివి.”

“అయ్యో పిచ్చితల్లి! మీరు అడగలేదా?”

“బలం మాత్రలంది. ఒకరోజు దిండు గలీబు మీద నారింజరంగు మరకలు. కళ్ళ దగ్గర.”

“క్షయ మందు తింటే కన్నీళ్ళకీ ఆ రంగే.”

“మందుల షాపాయన చెప్పాడు. అడిగితే మళ్ళీ ఏడుస్తుంది కదా. ఇక ఆ డబ్బా మూత తియ్యలేదు. ఆరు నెలలూ గుండీలు కొత్తవే కొన్నా. కొట్లో దొరికినవి పెద్దవి, చొక్కాలన్నిటికీ అవే పడ్డాయి. ఫ్యాషనేమో అనుకున్నారు జనం.”

“ఆవిడ మిమ్మల్ని దూరంగా ఉంచలేదా?”

“ఉంచకేం! నా గురకకి నిద్ర పట్టట్లేదు, వసారాలో పడుకోమంది. నాకు గురకా! పిల్లిలా పడుకునేవాణ్ణి. సరేనని చాప, దిండు తీసుకుని వెళ్ళా.”

“గడి నింపేశాను. ఇక ఈ కవరు విప్పుతున్నా. మీ ఎక్స్‌రే.”

“చెప్పు. కళ్ళు మూసుకున్నా.”

“శుభ్రంగా ఉంది. దగ్గు లేదు, జ్వరం లేదు. కాపలావాళ్ళు వాణ్ణి లోపలే కట్టేశారు. మీ వల్ల ఎవరికీ అంటదు. వాడు లేవకుండా కొన్నాళ్ళు మాత్రలు వేసుకోండి. అడుగున డాక్టరు గారు కూడా రాశారు. పాపని ఎత్తుకోవచ్చు.”

“ఎత్తుకోవచ్చా?”

“ఎత్తుకోవచ్చు.”

“పాపకి పాలు తుడిచే గుడ్డ అంచులు మడిచి కుట్టి ఉంచానమ్మా. కుట్టు లోపలివైపు, ఒరుసుకోకుండా. నీ యూనిఫాం ఇటు పంపు, చంక వదులు చేస్తా.”

“అంటే నేను ఒళ్ళు చెయ్యలేదుగా?”

“చేశావు. అయినా పంపు.”

“బాబాయ్ గారూ, వెళ్ళేముందు ఒక్క మాట. అప్పుడు మీరు వసారాలో పడుకుంటే, ఈ పదహారు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“పడుకున్నానమ్మా. రోజూ, ఆవిడ నిద్రపోయేదాకా.”