మూడొందల మీటర్లు

కంప్యూటర్ ముందున్న కూతురికి టీ తెచ్చిపెట్టి, తల్లి వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఏంటే ఆ రంగు చుక్కలు?"

"భూమి అడుగున ఉండే ఖనిజం అమ్మా. పైనున్న బరువుకి అదెలా మారుతుందో లెక్క కడుతున్నాను."

"ఎంత అడుగున?"

"రెండు వేల ఏడొందల కిలోమీటర్లు."

"అంత లోతుకి మనిషి పోగలడా?"

"ఎవరూ పోలేరు. లెక్క ఒక్కటే పోతుంది."

"చేతికందని రాయితో నీకేం పనే? మీ నాన్న ఉన్నది మూడొందల మీటర్లేగా."

కూతురి వేళ్లు ఆగిపోయాయి. నాన్న మీద గని కూలిపోయి పదకొండేళ్లయినా ఆ మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

"తొమ్మిదో రోజు, ఇంక తవ్వి లాభం లేదన్నారు. ఆపెయ్యమని నేనే సంతకం పెట్టాను."

"తెలుసమ్మా."

"అప్పటికి ఆయన ప్రాణంతో ఉన్నాడో లేడో, నీ లెక్కలో చూసి చెప్పవే."

"ఇది వేల కిలోమీటర్ల లోతుకేనమ్మా. మూడొందల మీటర్లంటే దీనికి నేల మీద ఉన్నట్టే."

అనేశాక నాలుక కరుచుకుంది. టీ మీద మీగడ కట్టింది.

"అంత పైనే ఉన్నాడన్నమాట," అంది తల్లి చివరికి. "ఇంకొక్క రోజు తవ్వమని అడగాల్సింది."