పుట్టిన కాడి నుంచి టికెట్

"కోడికి అర్ధ రూపాయా? అదేమన్న కిటికీ పక్క సీటడిగిందా బిడ్డా?"

"అడగకున్నా లోపల కూసున్నది గద అవ్వా. లోపల కూసుంటే సగం టికెట్. కొత్త రేటు."

పందొమ్మిది వందల డెబ్బై, ఏప్రిల్. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే పొద్దుటి బస్సు ఎడపల్లి దగ్గర చెరుకు బండ్ల మధ్య ఇరుక్కుని ఉంది. వెంకటవ్వ ఒళ్లో గంప, గంపలో పొదుగు మీదున్న కోడి, కోడి కింద గుడ్లు. ఎదురుగా కండక్టర్ దేవిదాస్, పక్క సీట్లో బెల్లం వ్యాపారి ఆత్మారాం. ఆ గంపను ఈ పూట నిజామాబాద్‌లో చెల్లెలి గడపకు చేర్చడం తప్ప వెంకటవ్వకు లోకంలో వేరే పని లేదు. ఈ కండక్టర్‌కేమో ఆమెను సతాయించడం తప్ప వేరే పని ఉన్నట్టు లేదు.

"ఎప్పటి కొత్త? మొన్న బతుకమ్మకు పావలా తీస్కున్నరు. అంతకు ముందటేడు పది పైసలు. కోడి గంతే ఉన్నది, దాని కిరాయే బలుస్తున్నది."

"నేనా పెంచింది? పైనోళ్లు పెంచిండ్రు."

"పైనోళ్లకు కోళ్లతోని ఏం పగ?"

"పగ గాదక్కా, మర్యాద. పదేండ్లాయె నేను గీ బస్సుల తిరగవట్టి. నన్ను ఒక్కనాడన్న మనిషి లెక్క సూసిండ్రా? నీ కోడి ఎక్కుడెక్కుడే సగం మనిషైంది."

"ఆత్మారాం సేటు, నువ్వు మధ్యల రాకు. నీ బెల్లం డబ్బలు రెండు సీట్ల కింద ఉన్నయ్, వాటి ముచ్చట నేను ఇంక తియ్యలే."

"తియ్యకు దేవిదాసు. నేను కోడి ముచ్చటే మాట్లాడుత."

"అవ్వా, అగ్గువ కావాల్నంటే గంప టాపు మీద పెట్టు. మీదైతే పదిహేను పైసలే."

"టాపు మీద? పొదుగు కోడిని? గుడ్లు సల్లవడితే నువ్వొచ్చి పొదుగుతవా?"

"నా డ్యూటీ గది గాదవ్వా."

"కాదు మరి. నీ డ్యూటీ కోడి ముక్కు పిండుడు. ఇంద, అర్ధ రూపాయి. దాని టికెట్ దానికే ఇయ్యి, పొడిచి తీస్కుంటది."

"గుడ్లెన్ని ఉన్నయ్?"

"ఎందుకు? గుడ్లకు గూడ రేటొచ్చిందా?"

"రాలే. గుడ్లు ఉల్లిగడ్డల లెక్కనే, ఉత్త సామాను. ఊకెనే అడిగిన."

"ఊకెనే అడిగేటోళ్లతోనే నాకు భయం. పదకొండు."

"అక్కా, పొదుగు మీదున్న కోడిని ఎవ్వలన్న కదిలిస్తరా? రెండు దినాలు ఆగితే పిల్లల్నే తీస్కొని పోదువు గద."

"ఆగొద్దనే పోతున్న సేటు. పిల్లలు మా చెల్లె రాములవ్వ కండ్ల ముందట పెంకు పలగ్గొట్టుకొని లేవాలె. ఆమె అరుగు మీద, ఆమె సూస్తుండంగ."

"ఎందుకట్ల?"

"ఎందుకంటే... బండ్లు కదిలినయా సూడు."

"ముప్పై బండ్లున్నయ్ ముందట. ఒక్కటి గూడ కదలలే. చెప్పరాదా అక్కా, గంప మోసుకొని నువ్వు పోతున్నవ్, ఇన్నందుకు నాకేం బరువు?"

"ఏం చెప్పుడు. ఎనిమిదేండ్ల కింద మా చెల్లె పెనిమిటికి నిజామాబాద్‌ల బియ్యం మిల్లుల పని దొరికింది. పోయేటప్పుడు తన కోడిని నాకు పాలుకిచ్చింది. కోడి ఆమెది, సాకుడు నాది, పిల్లలల్ల చెరి సగం. గది మాట."

"మంచి మాటే గద."

"మంచి మాటే. పదకొండు గుడ్లేసి పొదిగేస్తే నాలుగే లేసినయ్. రెండు ఆమెకు పంపిన. ‘కడమ ఏడు ఏడ దాసినవ్’ అన్నది. ఎవ్వలను? నన్ను. ఎత్తుకొని పెంచినదాన్ని."

"దాసినవా అవ్వా?"

"దేవిదాసు, నీకు టికెట్లు కొట్టే పని లేదా?"

"అడిగిన, అంతే."

"ఆమె గూడ గిట్లనే అడిగింది. అప్పట్నించి మాట లేదు. నిరుడు మా తమ్ముని దినాలకొచ్చింది. ఎండల పడి వచ్చింది గదా అని ముంతల నీళ్లిస్తే నా చేతి నీళ్లు తాగలే. పక్కింటికి పోయి అడుక్కొని తాగింది. పది మంది సూసిండ్రు."

"అందుకా గంప?"

"అందుకే. ఆ పాలు కోడి ఎప్పుడో సచ్చింది, దాని మనుమరాలు గిది. ఈసారి ఆమె లేనిది ఒక్క పిల్లను గూడ నేను సూడ. ఆమె ముందటనే లేవాలె, ఆమే లెక్క వెట్టాలె, సగం ఆమే ఏరుకోవాలె. ఆ తర్వాత నా చేతి నీళ్లు తాగుతదో తాగదో ఆమె ఇష్టం."

"ఇంకెన్నడు లేస్తయి?"

"రేపు పొద్దుగాల. మూడు అంగళ్లకు, అంటే మూడు వారాలకు లేస్తయి గద. అంగడి నుంచి వచ్చినంక పొదిగేసిన, రేపు మూడో అంగడి. ఇయ్యాల చెల్లె ఇంట్ల పండుకుంట, రేపు పొద్దుగాల పిల్లలు."

"ఏ అంగడినాడు పొదిగేసినవ్? పీర్ల పండుగ వారమా?"

"గా వారమే."

"అక్కా, గా వారం అంగడి ఒక దినం ముందుగాల్నే పెట్టిండ్రు. పీర్లు లేసే దినం అంగడెందుకని డప్పు సాటింపు గూడ ఏసిండ్రు. బెల్లం అమ్మినోన్ని, నాకెర్క."

"పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు. నువ్వు అంగళ్లు లెక్కవెట్టినవ్, కోడి దినాలు లెక్కవెడ్తది. నీ రేపు ఇయ్యాలనే."

"గట్ల భయపెట్టకు సేటు."

"అవ్వా, ఏందది సప్పుడు?"

"ఏం సప్పుడు? ఇంజన్."

"ఇంజన్ బంజేసి అర్ధ గంటాయె."

"అయితే నీ కడుపు. పొద్దుగాల ఏం తినకుండ వచ్చినట్టున్నవ్."

"నా కడుపు కిచకిచ అనదవ్వా. గంప మీది గుడ్డ తియ్యి."

"తియ్య. సల్లగాలి తాకుతది."

"ఏప్రిల్ నెలల సల్లగాలా?"

"కోడికి తెలుస్తది, నీకేం తెలుస్తది."

"తియ్యవ్వా. తియ్యి జెర. గిదేంది? ఒకటి. రెక్క కింద రెండు. గింకొకటి పెంకుల నుంచి తల బయటవెట్టింది."

"అయ్యో, లోపటికి పో బిడ్డా. రేపటి దాక ఆగరాదే. మీ కాళ్లు మొక్కుత, లేవకుండ్రే."

"ఇంటున్నయా అక్కా?"

"నువ్వు నవ్వకు సేటు. నీకేం, నీ బెల్లం పిల్లలు పెట్టది."

"అవ్వా, పిల్లకు పది పైసలు."

"ఏమన్నవ్?"

"గుడ్డు ఉత్త సామాను. పిల్ల పక్షి. పక్షికి టికెట్."

"బస్సెక్కింది గుడ్డు బిడ్డా. గుడ్డుకు టికెట్ లేదని నువ్వే జెప్పినవ్."

"ఎక్కింది గుడ్డే, దిగేది పిల్ల. బస్టాండు గేటు కాడ చెకింగ్ సారు దిగేటోళ్లనే సూస్తడు. పోయిన వారం సంచిల మేకపిల్ల నాకు కనవడలే, సారుకు కనవడ్డది. జుర్మానా నా జీతంల కోసిండ్రు. ఇంకొకసారి దొరికితే నౌకరే పోతది."

"సరే, టికెట్ కొడ్తవనుకో. ఏడ ఎక్కినట్టు కొడ్తవ్? బోధన్‌ల గవి లేకనే పాయె."

"పుట్టిన కాడ ఎక్కినట్టు. ఎడపల్లిల పుట్టింది, ఎడపల్లి నుంచి టికెట్."

"దేవిదాసు, అంటే జానకంపేట దాక ఆగి పుడితే?"

"గప్పుడు అయిదు పైసలే సేటు."

"సూసినవా అక్కా, ముందుగాల పుట్టినయ్ నష్టపోయినయ్. బుద్ధిమంతులు ఇంక పెంకులల్లనే ఉన్నరు."

"నేను ఒక్క పైస ఇయ్య. సీటు మీద కూసున్నయా? చెయ్యి బయటపెట్టినయా? బీడీ తాగినయా?"

"తాగకున్నా టికెట్టే అవ్వా."

చెరుకు బండ్లు కదిలాయి, బస్సూ కదిలింది. జానకంపేట రైలు గేటు పడి మళ్లీ ఆగేసరికి వెంకటవ్వ గుడ్డ కప్పడం మానేసింది.

"ఎన్నైనయ్ దేవిదాసు?"

"తొమ్మిది సేటు. ఎడపల్లి కాడ అయిదు, జానకంపేటల నాలుగు."

"బోధన్‌ల ఎక్కినప్పుడు ఆమె, కోడి. ఇద్దరే. దిగేటప్పుడు పదకొండు మంది. గీ బస్సుకు గింత బర్కత్ ఎన్నడన్న సూసినవా?"

"అవ్వా. ఓ అవ్వా, పైసల ముచ్చట తర్వాత సూద్దం. ఏడుస్తున్నవా?"

"నేను దిగిపోత బిడ్డా."

"ఏడ దిగుతవ్, రైలు గేటు కాడ?"

"ఏడనో ఒకకాడ. ఇంటికే పోత. ఇగ ఏం ముఖం పెట్టుకొని ఆమె అరుగెక్కాలె? బస్సుల లేసినయ్ అంటే, ‘బస్సుల ఎన్ని దాసినవ్’ అంటది. ఇరవై ఒక్క దినం నిద్ర లేకుండ పిల్లి కాడ, గద్ద కాడ కాపాడుకొని వచ్చిన. ఒక్క పూట. ఒక్క పూట ఆగలేకపోయినయ్."

"అక్కా, నేనొచ్చి చెప్త. నా కండ్ల ముందట లేసినయ్ అని సాక్ష్యం జెప్త."

"నువ్వా? బెల్లంల ఇసుక కలిపేటోని సాక్ష్యమా?"

"ఇసుక గాదక్కా, సున్నం. రంగు కోసం, కొంచెం."

"సూడు బిడ్డా దేవిదాసు. గిసొంటోన్ని సాక్ష్యం దీస్కపోతే ఉన్న చెల్లె గూడ తలుపేస్కుంటది."

"అవ్వా, ఇను. నాకు పైసలొద్దు."

"ఏమైంది, రేటు పడిపోయిందా?"

"నాకు గూడ అక్క ఉన్నది. మూడేండ్లాయె ముఖం సూడక. ఆ ముచ్చట వద్దు. ఇను. తొమ్మిదింటిని కోడి రెక్కల కిందికి తొయ్యి. మీద గుడ్డ గట్టిగ గప్పు. గేటు కాడ సారు అడిగితే పొదుగు కోడి, గుడ్లున్నయ్ అని చెప్త. ఎవ్వలకు తెల్వది."

"సారు సెవిటోడా? కిచకిచ ఇనవడదా?"

"సేటు దగ్గుతడు."

"దగ్గుత అక్కా. చిన్నప్పటి నుంచి నాకు దగ్గున్నది."

"అంటే నన్ను దాయుమంటున్నవ్."

"దాయుమనే అంటున్న అవ్వా. ఊకెనే తీస్కపోతవ్, పైస ఖర్చు లేకుండ."

"దాయాలె."

"ఆఁ."

"ఎనిమిదేండ్లు గా ఒక్క మాటకే ఏడ్సిన బిడ్డా. దాసలేదు దాసలేదని ఊరందరికి జెప్పుకున్న. ఇప్పుడు నిజంగనే దాసుకొని పోయి ఆమె ముందట గంప దించాల్నా?"

"మరేం జేస్తవ్?"

"కొట్టు టికెట్లు."

"ఏంది?"

"తొమ్మిదింటికి తొమ్మిది కొట్టు. నా మాట ఆమె నమ్మదు, సేటు మాట నేనే నమ్మ. సర్కారు చీటీ నమ్మకుంటదా? దాని మీద నంబరుంటది, ఊరు పేరుంటది. ఏడ పుట్టింది ఏడ దిగింది అన్నీ ఉంటయ్. చెల్లె బిడ్డ సదువుకుంటున్నది, సదివి ఇనిపిస్తది."

"కోళ్లకు గూడ జాతకం రాసినట్టయింది దేవిదాసు."

"సేటు, నువ్వాగు. అవ్వా, పైసలున్నయా నీ కాడ?"

"కొంగుల రూపాయున్నది. తీస్కో."

"గది మల్లొచ్చే కిరాయి గద."

"అయితే అయింది."

"మల్లెట్లొస్తవ్?"

"నీళ్లు తాగితే చెల్లె కాడ్నే నాలుగు దినాలుంట. తాగకుంటే నడుసుకుంట వస్త. ముందుగాల టికెట్లు కొట్టు, గేటు లేస్తున్నది."

"ఇంద మరి. ఎడపల్లియి అయిదు. జానకంపేటయి నాలుగు."

"ఎనుక రాయి, కోడిపిల్ల అని."

"టికెట్ మీద రాయొద్దవ్వా, రూలున్నది."

"పుట్టిన కాడి నుంచి టికెట్ కొట్టుమని రూలున్నదా? గది నీ నోట్ల నుంచే వచ్చింది. రాయి."

"రాస్తున్న. కోడిపిల్ల. కోడిపిల్ల. నా నౌకరి పోతే నువ్వే పిలిచి గంజి పోయాలె. తొమ్మిది. ఇగ ఖుషీనా? లెక్క సరిపాయెనా?"

"సరిపోలే. కింద ఇంక రెండు గుడ్లున్నయ్."

"గవి లేవయి అవ్వా. చెవి కాడ పెట్టుకొని సూడు, లోపట సప్పుడు లేదు. మురిగినయ్. కిటికీల నుంచి పారెయ్యి, కంపు గొడ్తయి."

"పారెయ్య బిడ్డా. మొదటిసారి లేవని ఏడింటిని గట్లనే పెంట మీద పారేసిన, సూపెట్టుమంటే నా కాడ ఏం లేకపాయె. గీ రెంటికి గూడ టికెట్ కొట్టు."