కెజయా మాట మీద మేం పాడిన పాట

రేపు చర్చి సభలో ఆ నూలుమిల్లు పిల్ల మాట్లాడ్డానికి లేవగానే పాట ఎత్తుకోమని మీకు చెప్పిందెవరే, డార్కస్? చర్చి పెద్ద, ఆ డీకనేనా? ఆఁ, అనుకున్నాను. "దేవుడి పాటే కదా నాన్నమ్మా, పాడితే తప్పేంటి" అంటున్నావా? కూర్చో. ఆ టోపీ తీసి పక్కన పెట్టు. గుమ్మడికాయ తీపిరొట్టె ఉంది, తింటూ విను. తినకపోయినా సరే, విను.

కెజయా పెన్హాలో అని ఒకావిడ ఉండేది ఈ ఊళ్లో. నువ్వు ఆ పేరు విని ఉండవు, విననివ్వరు కూడా. పెళ్లి లేదు, పిల్లల్లేరు, టోపీలకి గడ్డి అల్లి బతికేది. వసంతం వస్తే మాత్రం గడ్డీ లేదు, గిడ్డీ లేదు, ఏటిగట్టునే కాపురం. హెర్రింగ్ చేపలు సముద్రం వదిలి మన ఏరెక్కేవి కదా, ఇప్పుడొచ్చేవి ఒక లెక్కా, అప్పుడు నీళ్ల కంటే చేపలే ఎక్కువ కనిపించేవి. వాటిని లెక్కపెట్టేది. వంద పోతే కుడి జేబులోంచి ఎడం జేబులోకి ఒక చిక్కుడు గింజ. అలా పదకొండేళ్లు! మేం ఏడిపించేవాళ్లం, "కెజయత్తా, చేపలకి పేర్లు కూడా పెట్టావా?" అని. "పెట్టాను రోడా, అందులో కాస్త మొద్దుగా ఉన్నదానికి నీ పేరే పెట్టాను" అనేది. నోరు అలాంటిది. కొన్ని చేపల్ని పట్టి, కత్తెరతో తోక చివర చిన్న గాటు పెట్టి వదిలేసేది. మరుసటేడు అదే గాటుతో అదే చేప, మళ్లీ మన ఏటికే! పక్క ఏటి దగ్గర కూడా మూడేళ్లు కాపు కాసింది, అక్కడికి గాటు చేప ఒక్కటి రాలేదు. కాలేజీ గుమ్మం తొక్కని మనిషి కనిపెట్టిందే అది, ఇంట్లో టోపీల గడ్డి కత్తిరించే కత్తెరతో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పదకొండో ఏడాదే మిల్లు యజమాని స్లోకం మన ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టాడు. చేపలొచ్చే రోజుల్లో మధ్యలో చెక్కలు తీసి దారివ్వాలని ఊరివాళ్లు అడిగితే ఏమన్నాడో తెలుసా? "చేపలకేమన్నా ఇళ్లా వాకిళ్లా? ఈ ఏరు మూస్తే పక్క ఏరెక్కుతాయి" అన్నాడు. ఊరు సరేనంది. ఊరికేం పోయింది? పోయేది విధవలకి. ఊరు పట్టిన చేపల్లో మొదటి పీపాలు విధవలవి, అదీ మన కట్టుబాటు. చలికాలమంతా ఆ ఉప్పు చేపే వాళ్ల తిండి. మా నాన్న ఓడతోపాటు మునిగిపోయాడు కదా, మాకూ ఒక పీపా వచ్చేది.

కెజయా తన లెక్కలన్నీ రాసి చర్చిలో జరిగే ఉపన్యాసాల సభకి ఇచ్చింది. అప్పట్లో ఆడది రాయొచ్చు, సభలో తనే చదవకూడదు. మగాడెవరైనా చదివి వినిపిస్తే రాసినావిడ పైన, సభలోకి చూసే వసారాలో కూర్చుని, ఎవరిదో విన్నట్టు వినాలి. ఆ రోజు చదివింది డీకన్ ఓబడయా, ఇప్పటి మీ డీకన్‌కి తాత. "నీరెండలో వెండిలా మెరిసే పొలుసులు..." అంటూ, అబ్బో, ఏం గొంతనుకున్నావ్, తేనె కారిపోయింది. చదివి, కాగితాలు సర్దేసి, "ఆడవారి పరిశీలన ఎంత సుకుమారమో చూశారా" అన్నాడు. అంతే, పైనుంచి కెజయా లేచింది. "డీకన్ గారూ, ఏడో కాగితం చదవలేదు. అది మీ మోచేతి కిందే ఉంది" అంది. ఆయన మొహం ఉడికిన ఎండ్రకాయే. "ఆడవాళ్లు చర్చిలో మౌనంగా ఉండాలి" అన్నాడు. "సరే, మీరు చదవండి, నేను మౌనంగా ఉంటాను" అంది. ఆయన చదవలేదు. ఈవిడ ఆగలేదు. కంఠతా వచ్చు, మొదలుపెట్టేసింది. "ఏ ఏట్లో పుట్టిన చేప ఆ ఏటికే వస్తుంది, దారి మూస్తే ఆ చెక్కలకి తల కొట్టుకుని చస్తుంది గానీ..." ఇంకేముంది, డీకన్ మా పాటల మాస్టారికి సైగ చేశాడు, మాస్టారు శ్రుతి ఇచ్చే పీక ఊదాడు, మేం పద్నాలుగు మందిమి ఎత్తుకున్నాం.

కానీ వాళ్ల తెలివి చూడు. ఇప్పుడంటే ఆర్గన్ ముందుంది. అప్పుడు పాడేవాళ్లం వెనక పై వసారాలో ఉండేవాళ్లం. పాట మొదలైతే కిందున్నవాళ్లంతా లేచి, వెనక్కి తిరిగి, మా వైపు మొహం పెట్టి నిలబడాలి. అది ఆచారం. కెజయా నోరు మూయించాలని పాట పెట్టించారు, దాంతో మూడొందల మొహాలు గిరుక్కున ఆవిడ వైపే తిరిగాయి! ఆవిడ మా పక్కనే నిలబడి ఉంది మరి. గాటు పెట్టిన తోకలు ఎండబెట్టి అట్టకి కుట్టుకుంది, ఆ అట్ట పైకెత్తి చూపిస్తూ చెబుతూనే ఉంది. పాటకి చరణాలు అయిపోతాయి కదా. అయిపోగానే, "పాపం, వినపడి ఉండదు" అని మళ్లీ మొదట్నుంచి. ఇంకో పాట. మళ్లీ మొదట్నుంచి. ఆహా! ఆ మొండితనం తలుచుకుంటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది.

నేనా? పాడానే. అందరికంటే గట్టిగా పాడాను. పదహారేళ్లు నాకు, మొదటి వరసలో నిలబెడతానన్నాడు మాస్టారు. కింద మా అమ్మ విధవల బల్ల దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. పెదాల మీద వేలు పెట్టుకుంది. నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. అర్థమైంది. అయినా గొంతు పెంచాను. ఆ ఏడో కాగితం మా అమ్మ పీపా గురించే తల్లీ.

మూడో పాట అయ్యాక అమ్మే అడిగింది, నిండు సభలో. "మళ్లీ చెప్పు కెజయా, పాట గోలలో సగం పోయింది" అని. సోమవారం పొద్దున్నే తొమ్మిది మంది విధవలు మోకాలి లోతు చల్లటి నీళ్లలో దిగి చెక్కలు ఊడబీకారు. మూడు వారాలు మిల్లు ఆగింది, చేపలెక్కాయి. ఏటేటా చెక్కలు తీయడం అప్పట్నుంచే. చర్చివాళ్లు కెజయాని పిలిచి తప్పు ఒప్పుకోమన్నారు. "దేనికి? పాట మధ్యలో నేను మాట్లాడలేదు. నా మాట మధ్యలో మీరు పాడారు" అంది. వెలివేశారు. రెండు చలికాలాలు దాటాక కన్నుమూసింది. చర్చి మగాళ్లు ఒక్కడూ శవపేటిక పట్టలేదు, ఆ తొమ్మిది మందే మోశారు. అమ్మ నన్నూ రమ్మంది. గొంతు బాగాలేదన్నాను. మోయడానికి గొంతెందుకే నాకు?

...

ఏం చూస్తున్నావ్? లే. పాడేవాళ్లు పన్నెండు మంది కదా మీరు, ఇంకా పొద్దుంది, ఒక్కో ఇంటికీ నడువు. డీకన్ సైగ చేసినా సరే, మాస్టారు ఆర్గన్ పగిలేలా వాయించినా సరే, ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యేదాకా రేపు ఎవరూ నోరు తెరవొద్దని చెప్పు. రోడా నాన్నమ్మ చెప్పిందనే చెప్పు. వెళ్లవే, వెళ్లు!