తెలీదన్నందుకు జరిగిన విచారణ

ఏంటే, మన దేశానికి ఆ పేరెలా వచ్చిందనా? బాగానే అడిగావ్ గానీ, ఆ ప్రశ్నకే మా మేనత్త ఉద్యోగం ఊడబోయింది, తెలుసా? నువ్వు చూళ్ళేదులే ఆవిణ్ణి. బడిలో చరిత్ర చెప్పేది. మనిషి ఇంతే, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. మా నాన్నైతే ఆవిడొస్తోందంటే చాలు, పెరట్లోకి జారుకునేవాడు... సరే, అదటుంచు. ఓ రోజు తనిఖీకని ఇన్‌స్పెక్టరొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. కుర్రాడే, మీసం మాత్రం పెద్దది. సరిగ్గా అప్పుడే ఓ పిల్ల లేచి, అచ్చం నీలాగే, ఇదే అడిగింది. అత్తయ్యేమందీ? "తెలీదమ్మా. ఎవరికీ రూఢిగా తెలీదు" అంది. ఆయనకి కోపం నషాళానికంటింది. "అదేంటండీ, పాత రాజు పేరు కదా, పుస్తకంలో లేదూ!" అన్నాడు. ఈవిడ ఊరుకుంటుందా? "ఆ రాజు పుట్టకముందే ఓడలవాళ్ళు ఈ పేరు వాడారండీ. కొడుకు పుట్టాక తండ్రి పుడతాడా?" అంది. పిల్లలు గొల్లుమన్నారు.

ఇంకేముంది, ఆయన ఫిర్యాదు రాసిచ్చాడు, విచారణ పెట్టారు. హెడ్మాస్టరు గదిలో పెద్దలంతా చేరారు. ఒకాయన రాజు పేరన్నాడు. ఇంకొకాయన, "రాజూ లేదు, గీజూ లేదు, అది నది పేరు" అన్నాడు. మధ్యలో హెడ్మాస్టరు, "మా తాతగారైతే పొరుగువాళ్ళు మనకి పెట్టిన తిట్టనేవారు" అని నోరు జారాడు. తిట్టా! ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకున్నంత పనైంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "నా సంగతి తేలుస్తారా, ముందు మీది తేల్చుకుంటారా?" అందట. మూల కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఫక్కున నవ్వేశాడు. ఫిర్యాదు చేసినవాడే నవ్వాక ఇంకేం విచారణ? ఉద్యోగం నిలబడింది.

ఆ ఆదివారం ఆ ఇన్‌స్పెక్టరు మా ఇంటికే వచ్చాడు. నానమ్మ హడలిపోయింది. ఆయనేమో కుర్చీ అంచున కూర్చుని, "రాజు కాదు, ఒప్పుకున్నా. తేనె అని అర్థమట, ఏమంటారు?" అన్నాడు. "కుదరదండీ" అంది అత్తయ్య. పై ఆదివారం ఇంకో అర్థం పట్టుకొచ్చాడు. ఆ పై ఆదివారం ఇంకోటి. చివరికి నానమ్మే అంది, "ఒసే పిచ్చిదానా, ఈయనొచ్చేది దేశం పేరు కోసం కాదే, నీ ఇంటిపేరు మార్చడానికి!"

ఆయనే మా మావయ్య. పెళ్ళయ్యాకైనా తగవు తెగిందా? జన్మంతా దాని మీదే కీచులాట. అన్నం దగ్గరా అదే, బస్సులోనూ అదే. మావయ్య పోయాక ఓసారి చూడ్డానికెళ్ళా. రేడియోలో ఎవరో పండితుడు ఈ పేరుకి కొత్త అర్థమేదో చెబుతున్నాడు. అత్తయ్య వింటూ వింటూ, పక్క కుర్చీ వైపు తిరిగి, "విన్నారా, ఈయనా మీలాగే..." అని...

ఊఁ. ఆ కిటికీ మూసెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.